గేర్‌బాక్స్ అనుకున్నది కాదు

బయలుదేరే ముందే ఆ శబ్దం ఉంది. ఫస్ట్ గేరు నుంచి రివర్స్‌కి మార్చి క్లచ్ వదిలితే, బండి కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ఠక్కుమనేది. 24 ఏళ్ల ఫోర్ వీల్ డ్రైవ్ బండి. యాత్రకు వారం ముందు చూపిస్తే గేర్‌బాక్స్ విప్పాల్సిందే అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. గేర్లు మెత్తగా పడుతున్నాయి, పడ్డాక జారిపోవడం లేదు. శబ్దం గేరు పడేటప్పుడు కాదు, క్లచ్ వదిలాక చక్రాలకు లోడు వెళ్లేటప్పుడు వస్తోంది. అంటే లూజు ఎక్కడో గేర్‌బాక్స్ తర్వాతే ఉండాలి. అలా అనుకుని నేనూ బావా బయలుదేరాం.

మొదటి రోజంతా పెద్ద రోడ్డే. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు సన్నగా టక్కుమనడం తప్ప ఇబ్బంది లేదు. సాయంత్రం నెమ్మదిగా వెళ్తున్నప్పుడు బండి వేగానికి తగ్గ లయలో కిచ్ కిచ్ అని వినిపించింది. దుమ్ము అనుకుని వదిలేశాను. అప్పుడే ఆగి చూడాల్సింది.

రెండో రోజు కొండ ఎక్కాం. వాన పడిన మట్టి దారి, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హైలో హాయిగా వెళ్లిపోయాం. మట్టి అయిపోయి తారు రోడ్డు వచ్చాక లివర్ వెనక్కి మార్చడం మర్చిపోయాను. రెండు మూడు హెయిర్‌పిన్ మలుపులు తిరిగేసరికి స్టీరింగ్ బరువెక్కింది, టైర్లు రోడ్డును గీరుతున్నాయి. వెనక చక్రాలు మాత్రమే లాగే టూ హైకి మార్చబోతే లివర్ కదల్లేదు. గట్టిగా లాగబోతే కింద ఢామ్మని మోగింది.

"అయిపోయింది బావా, గేర్‌బాక్స్ పోయింది" అన్నాడు బావ.

పోలేదు. ఇలాంటి పాత బళ్లలో ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వాటి మధ్య ఉండదు, ఫోర్ హైలో రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో టైరు కాస్త జారి ఆ తేడా తీరిపోతుంది. తారు మీద జారదు కాబట్టి ఆ మెలి అంతా షాఫ్టుల్లో, ముందుకూ వెనక్కీ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో బిగుసుకుంటుంది. స్టీరింగ్ నిటారుగా ఉంచి పది మీటర్లు రివర్స్ చేశాను. లివర్ తేలిగ్గా జారి టూ హైలోకి వచ్చింది.

మరి పాత ఠక్ సంగతి? అది అలాగే ఉంది. పైగా కొంచెం పెరిగింది.

చదునైన చోట ఆపాం. ముందు బావను సీట్లో కూర్చోబెట్టాను. బ్రేకు గట్టిగా తొక్కి, ఫస్ట్, రివర్స్ మారుస్తూ క్లచ్ కాస్త కాస్త వదలమన్నాను. నేను పక్కన నిలబడి చూశాను. ఇంజన్ ఎగిరిపడలేదు, దాన్ని పట్టి ఉంచే మౌంటింగ్‌లు బాగానే ఉన్నాయి. తర్వాత ఇంజన్ ఆపి, నాలుగు చక్రాలకూ రాళ్లు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి కిందికి దూరాను. బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ అవసరం పడలేదు. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి నేను వెళ్లను.

ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక ఇరుసుకు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పాను. కొంచెం లూజు వయసున్న ప్రతి బండిలోనూ ఉంటుంది. కొత్తలోనే వెనక ఇరుసు డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ గేర్ల పళ్ల మధ్య 0.2 మిల్లీమీటర్ల అటూ ఇటూగా ఖాళీ ఉంచుతారు, మిగతా గేర్ల ఖాళీలూ దానికి కలుస్తాయి. అందుకే నేను చూసింది షాఫ్టును కాదు, దాని చివర అన్ని వైపులా వంగే క్రాస్ జాయింటును. షాఫ్టు వైపు యోక్ (జాయింటును పట్టుకునే కవ) కదిలింది, డిఫరెన్షియల్ వైపు ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పళ్లెం) కదల్లేదు. రెండూ కలిసి కదిలి ఉంటే లూజు డిఫరెన్షియల్‌లో ఉన్నట్టు. జాయింటు కప్పు చుట్టూ కుంకుమలాంటి ఎర్రటి పొడి ఉంది. లోపల నీడిల్ బేరింగులు గ్రీజు లేక తుప్పు పట్టి అరిగిపోయాయి. నిన్నటి కిచ్ కిచ్ అక్కడిదే.

ఆ జాయింటు విరిగితే షాఫ్టు నేలకు తగిలి ప్రమాదం అవుతుంది. అందుకే రెండు చివర్లా ఫ్లాంజ్‌ల మీద గీతలు పెట్టి, బోల్టులు విప్పి షాఫ్టు తీసేశాం. మా బండికి ట్రాన్స్‌ఫర్ కేసు వైపు కూడా ఫ్లాంజే కాబట్టి అక్కడి నుంచి నూనె కారలేదు, హ్యాండ్‌బ్రేకు వెనక డ్రమ్ముల్లోనే ఉంది. కొన్ని పాత బళ్లకు ఆ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గరే ఉంటుంది. వాటికి షాఫ్టు తీస్తే హ్యాండ్‌బ్రేకు పోయినట్టే.

ఫోర్ హై వేసి ఫస్ట్, రివర్స్ మార్చాను. ఠక్ లేదు. బావ కిటికీలోంచి తల బయటపెట్టి, మళ్లీ మార్చు అన్నాడు. మళ్లీ మార్చాను, నిశ్శబ్దం. గేర్‌బాక్స్ మీద అనుమానం అక్కడితో తీరింది. వెనక షాఫ్టు లేదు కాబట్టి తారు మీద మెలి పడే భయమూ లేదు. ముందు చక్రాల లాగుడుతోనే, మలుపుల్లో ఎక్కువ తొక్కకుండా, నెమ్మదిగా దిగాం.

కింద ఊళ్లో రెండు చివర్లా కొత్త క్రాస్‌లు వేయించాం. షాఫ్టు ముందుకూ వెనక్కీ జారే గాడులకు (స్ప్లైన్‌లకు) గ్రీజు పట్టించి, నా గీతలు కలిసేలా షాఫ్టు బిగించారు. ముందు షాఫ్టు జాయింట్లకు నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా పంపు కొట్టించాను. బయటికి తీస్తే రివర్స్‌లో సన్నగా టక్కుమంది. అది డిఫరెన్షియల్ పళ్లది, ఉండనిమ్మన్నాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే కొండ ఎక్కాం. మట్టి దారి అయిపోయే చోట, తారు మీదికి ఎక్కకముందే, బావే గుర్తుచేశాడు: "లివర్, బావా."