మా జూలీ బరువు, ఒక థైరాయిడ్ రిపోర్టు: నా అనుభవం

మా లాబ్రడార్ జూలీకి ఏడేళ్ళు. నిరుడు 31 కిలోలున్నది మొన్నటి సంక్రాంతికి 40 కిలోలైంది. తిండి పెరగలేదు సరికదా, పెట్టిన పెరుగన్నం సగంలో వదిలేసి, ఎండ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి పడుకొనేది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి చాలా ఏళ్ళయింది కనుక, ఇంత హఠాత్తుగా వచ్చిన ఒళ్ళుకు అది కారణమనుకోవడానికీ వీల్లేదు.

మొదట చూపించిన క్లినిక్‌లో డాక్టరుగారు జూలీ మీద చెయ్యి కూడా వేయకుండానే, అక్కడ కూర్చున్నవాళ్ళందరూ వినేలా, "అమ్మా, ఇది జబ్బు కాదు, మీ గారాబం" అని తేల్చేశారు. వంటింటి త్రాసులో తూచి పెడుతున్నామని చెబితే, మా అత్తగారి వైపు చూసి, "పెద్దావిడ చాటుగా పెడుతుంటారు లెండి" అని నవ్వారు. షుగరు వచ్చిన నాటినుంచి తన అన్నమే కొలుచుకొని తినే మనిషి ఆవిడ. ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు.

నేను పట్టుబట్టిన మీదట రక్తం తీసి, మనుషులకు పరీక్షలు చేసే పక్కవీధి ల్యాబ్‌కు పంపించారు. "బేబీ జూలీ, 7 సంవత్సరాలు, స్త్రీ" అన్న శీర్షికతో రిపోర్టు వచ్చింది. అందులో టి4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను) తక్కువ, టి.ఎస్.హెచ్. (ఆ గ్రంథిని పనిచేయించే హార్మోను; థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది, మందగిస్తే పెరుగుతుంది) దాదాపు సున్నా. డాక్టరుగారు రెండోదొక్కటే చూసి, "థైరాయిడ్ ఎక్కువైంది, అలాంటప్పుడు చిక్కిపోవాలే గానీ లావెక్కదు, తిండి సగం చేయండి" అన్నారు. ఎక్కువైతే టి4 తక్కువెందుకుందని అడిగాను. "ఇంటర్నెట్ చదువుకొని వచ్చారా?" అని ఎదురు ప్రశ్న వేసి, తరువాతి వారిని పిలిచారు. చదువుకొనే వెళ్ళాను, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

ఆ రిపోర్టు చిక్కుముడిని విప్పినది రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలోని ఒక డాక్టరమ్మ. టి4 మనిషికీ కుక్కకూ ఒకే హార్మోను గానీ, మనుషుల్లో డెసిలీటరుకు సుమారు 5 నుంచి 12 మైక్రోగ్రాములు ఉండేది కుక్కల్లో 1 నుంచి 4 వరకే ఉంటుందట. మనుషుల కొలతతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కూడా తక్కువనే వస్తుంది. టి.ఎస్.హెచ్. సంగతి ఇంకా అన్యాయం. అది ప్రాణిజాతిని బట్టి మారే ప్రోటీను కాబట్టి, మనుషుల కోసం తయారైన కిట్ కుక్క టి.ఎస్.హెచ్.ను పట్టుకోలేదు. అంటే నేను డబ్బు కట్టి తెచ్చుకొన్న ఆ సున్నాకు అర్థమే లేదు.

ఆమె జూలీ ముంగాలు పట్టుకొని, "ఇక్కడ వెంట్రుకలు ఎప్పుడు గొరిగారు?" అని అడిగారు. వేసవిలో సెలైన్ ఎక్కించడానికి గొరిగిన చోట, నాలుగు వేళ్ళ మేర, ఇంకా నున్నగానే ఉంది. తోక చివర కూడా వెంట్రుకలు రాలి ఎలుక తోకలా తయారైంది. నీళ్ళు ఎక్కువగా తాగుతోందా, దురదకు స్టెరాయిడ్ మాత్రలు వాడారా అని విచారించారు. స్టెరాయిడ్లు, మూర్ఛ మందులు, వేరే జబ్బులు కూడా టి4ను తగ్గిస్తాయట. ఈసారి రక్తం పశువుల పరీక్షలు చేసే ల్యాబ్‌కు వెళ్ళింది. టి4 0.4, కుక్కల టి.ఎస్.హెచ్. ఎక్కువ, కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ: థైరాయిడ్ మందగించిందని రూఢి అయింది. గోల్డెన్ రిట్రీవర్లు, డోబర్‌మాన్లు, కాకర్ స్పానియళ్ళు పెంచేవారు నడివయసులో దీన్ని గుర్తుంచుకోవడం మంచిది. పరీక్షకు ముందే, ఇది కుక్కల కిట్టేనా అని ల్యాబ్ వాళ్ళను అడగండి. తడబడితే రక్తం ఇవ్వకండి. ఇంటి పెద్దల మీద ఛలోక్తులు విసిరే డాక్టరు దగ్గర అసలు కూర్చోకండి.

మందు మనుషులు థైరాయిడ్‌కు వాడే లీవోథైరాక్సినే, కానీ కుక్కలకు మోతాదు చాలా ఎక్కువ: మొదట కిలోకు 20 మైక్రోగ్రాముల వరకు, రోజుకు రెండు పూటలా. చీటీ చూసిన మందుల షాపతను, "ఇంట్లో ఎంతమందికండీ?" అన్నాడు.

రెండు వారాల్లోనే జూలీ గేటు చప్పుడుకు లేచి రావడం మొదలుపెట్టింది. బరువు ఇప్పుడు 36 కిలోలు. ముంగాలి మీద నూగు కనిపిస్తోంది. మాత్ర వేసిన నాలుగు నుంచి ఆరు గంటల లోపు రక్తం తీసి మోతాదు సరిచూడాలన్నారు. ఆ పరీక్షలో టి4 కాస్త ఎక్కువే వచ్చినందున పూటకు ఒక మాత్ర తగ్గించారు.