మాడిన చేప, మల్గోవా మనవరాలు

ఫ్లోరిడాలో హోమ్‌స్టెడ్ ఊరు దాటాక కీస్ దీవులకి దాదాపు ఒకటే దారి. శుక్రవారం మధ్యాహ్నం యూఎస్ వన్ హైవే మీద కార్లు చీమల బారులా కదులుతున్నాయి. సెవెన్ మైల్ బ్రిడ్జి ఫొటోలు అందరూ చూసే ఉంటారు, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను చెప్పాలనుకున్నది చేప గురించి.

ఆ దారిలోనే మారథాన్ అనే ఊళ్ళో భోజనానికి ఆగితే మెనూలో "డాల్ఫిన్" అని ఉంది. మా ఆవిడ టక్కున మెనూ మూసేసింది. వడ్డించే అమ్మాయికి ఇది రోజూ ఉండే గొడవే కాబోలు, నవ్వుతూ చెప్పింది: అది గెంతులేసే డాల్ఫిన్ కాదు, ఆ పేరున్న చేప. ఈ తికమక ఎందుకని ఇప్పుడు చాలాచోట్ల మాహి మాహి అని హవాయి పేరే రాస్తున్నారు. సరేనని "బ్లాకెన్డ్", అంటే మసాలా పొడి పట్టించి పెనం మీద నల్లగా కాల్చింది, తెప్పించాం. పళ్ళెంలో నల్లటి ముక్క, దాని మీద మామిడి ముక్కలు. 34 డాలర్లు, టిప్పు వేరే.

మా అత్తయ్యగారిది నరసాపురం. చేపని ఎగాదిగా చూసి, "మాడ్చి పెట్టి ఇంత డబ్బా అల్లుడుగారూ?" అన్నారు. ఫోర్కుతో నల్ల పొర లేపితే లోపల మల్లెపువ్వులా తెల్లగా, రేకలు రేకలుగా విడిపోయింది. రెండు ముద్దలు తిన్నాక, "మాడితే చేదుండాలే. ఇది మాడలేదు" అని తేల్చేసి, ఇక మాట్లాడకుండా పళ్ళెం ఖాళీ చేశారు.

మర్నాడు స్నార్కెలింగ్ అనుకున్నాం గానీ వెళ్ళలేదు. రాత్రికి 300 డాలర్లు పోసి తీసుకున్న ఇంట్లో వంటగది ఉంది, వాడకపోతే నా ప్రాణం ఊరుకోదు. పడవల రేవు దగ్గర చేపలమ్మే ఆవిడ మాహి ముక్కలు కోసిస్తూ ఒకటే చెప్పింది, తడి ఉండకూడదని. ఇంటికి రాగానే అత్తయ్యగారు వాటిని ఉప్పూ పసుపూ వేసి మూడు నీళ్ళు కడిగేశారు. చేపని కడక్కుండా పొయ్యెక్కించడం ఆవిడ వల్ల కాదు. మొదటి ముక్క పెనం మీద నీరొదిలి, వేగకుండా ఉడికింది. పసుపురంగులో పాలిపోయి, జ్వరమొచ్చినట్టుంది.

రెండోదాన్ని పేపర్ టవల్‌తో పొడిగా అద్ది, కరిగించిన వెన్నలో ముంచి, పాప్రికా అనే ఎర్ర మిరప పొడి, కారం, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, థైమ్, ఒరెగానో ఎండు ఆకులు, మిరియాలు, ఉప్పు కలిపిన పొడి దట్టంగా పట్టించాను. పోత ఇనుప పెనం నూనె లేకుండా పది నిమిషాలు కాలింది. ముక్క వేశానో లేదో, చుయ్‌మని లేచిన పొగకి హాల్లో స్మోక్ అలారం మొదలైంది! మా ఆవిడ కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతోంది, నేను తలుపులు తీస్తున్నాను, అత్తయ్యగారు మాత్రం "తిప్పండి, తిప్పండి" అని చేప మీదే ధ్యాస. నిజంగానే రెండున్నర నిమిషాలకి తిప్పాలి. వెన్నలోని పాలపదార్థమూ పాప్రికా కలిసి నల్లబడగానే తిప్పకపోతే అది నిజంగానే మాడుతుంది. ఈ పద్ధతిని 1980లలో ప్రసిద్ధి చేసిన న్యూ ఆర్లీన్స్ వంటగాడు పాల్ ప్రుధోమ్ దీన్ని ఆరుబయట చెయ్యమన్నాడని ఆ రాత్రి చదివాను. ముందే చదివుండాల్సింది.

చేప మీద వేసే మామిడి ముక్కల సల్సా అత్తయ్యగారిదే. హోమ్‌స్టెడ్‌లో కొన్న హేడెన్ మామిడిపండు, ఎర్ర ఉల్లిపాయ, హాలపీనో మిరపకాయ, కొత్తిమీర అన్నీ శనగగింజంత ముక్కలు కోసి, కీ లైమ్ అనే చిన్న నిమ్మకాయ పిండి, ఉప్పేసి కాసేపు వదిలేశారు. "పోపులేని పచ్చడి. రోట్లో వేస్తే ఇంకా బావుణ్ణు" అన్నారు. నేనొప్పుకోను. నూరితే పోతుంది. కాలుతున్న కారప్పొర పక్కన ఆ చల్లటి పుల్లటి ముక్క కరకరమంటూ తగలాలి, లేకపోతే ఆ చేపలో మిగిలేది వెన్నా ఘాటే.

తింటూ ఆ పండు సంగతి చెప్పాను. 1889లో ఇండియా నుంచి ఫ్లోరిడాకి మల్గోబా అని మామిడి మొక్కలొచ్చాయి. ఆ చెట్టు పండు టెంకలు 1902లో మయామీ దగ్గర నాటితే, వాటిలోంచి వచ్చిందే హేడెన్.

"అంటే మన మల్గోవా మనవరాలా!" అన్నారావిడ.

ఆదివారం తిరిగొస్తుంటే ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పేపర్ టవల్ పొట్లం కనిపించింది. టెంక. కస్టమ్స్‌లో ఊరుకోరండీ అన్నాను.

"పుట్టింటికి వెళ్తోందని చెప్పండి" అని జిప్పు వేసేశారు.