రేపల్లెలో ఒక చిన్న మాసపత్రికకు రిజిస్ట్రేషన్: నా అనుభవం

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు మా రేపల్లె గుంటూరు జిల్లా నుంచి విడిపోయి అందులో చేరింది. పాలన రీత్యా ఆ మార్పు మేలా కీడా అన్నది వేరే చర్చ. దినపత్రికలు చదివేవారికి మాత్రం ఒక తేడా వెంటనే తెలిసివచ్చింది. 1989లో ఈనాడు మొదలుపెట్టి, తరువాత మిగిలిన పత్రికలన్నీ అనుసరించిన జిల్లా అనుబంధాల పద్ధతిలో మా ఊరికి దక్కే జాగా అంతకుముందే తక్కువ. జిల్లా మారాక దానిని చీరాల, పర్చూరు, అద్దంకి వంటి ఊళ్లతో పంచుకోవలసి వచ్చింది. నాయకుడో అధికారో వచ్చిన సభకు ఫొటోతో సహా చోటు దొరుకుతుంది. రక్షిత మంచినీటి ట్యాంకు శుభ్రం చేసే రోజు, కాలువకు నీరు వదిలే తేదీ, డెల్టా రైలు వేళల్లో మార్పు, ఫలానా వీధిలో కన్నుమూసిన పెద్దాయన దశదిన కర్మ వంటివి వార్తలుగా లెక్కలోకి రావు. ఊళ్లో ఉండేవారికి కావలసినవి మాత్రం ముందుగా ఇవే.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి దాని చరిత్రలోనే అత్యధికంగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నీరు దిగువకు వచ్చినప్పుడు ఈ లోటు మాకు బాగా తెలిసింది. కరకట్టకు ఇక్కడ గండి పడిందని ఒక గ్రూపులోనూ, అక్కడ కాదు ఇంకోచోట పడిందని మరొక గ్రూపులోనూ సందేశాలు తిరిగాయి. అవి ఎవరు పంపారో, ఎవరు చూసి చెప్పారో ఎంత అడిగినా తేలలేదు. ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాకూ, నాతోపాటు పనిచేసిన మరి ఇద్దరు ఉపాధ్యాయులకూ అప్పుడు కలిగిన ఆలోచన ఒక్కటే: ఊరి సంగతులు రాసే కాగితం ఒకటి ఉండాలి, దాని కింద బాధ్యత వహించేవారి పేరు ఉండాలి.

చిన్న కాగితానికి రిజిస్ట్రేషన్ ఎందుకని అడిగినవారే ఎక్కువ. మేము సంప్రదించిన ప్రెస్సు యజమాని, నా పూర్వ విద్యార్థే, "దిల్లీ నంబరు లేకపోతే ఎవరడుగుతారు మాస్టారూ, పెళ్లి కార్డులు వేసినట్టు వేసేద్దాం" అన్నాడు. దిల్లీ నంబరంటే అతని ఉద్దేశం రిజిస్ట్రేషన్ నంబరు. ఆ మాట వినడానికి బాగుంటుంది కాని చట్టానికి నిలవదు. ప్రజలకు సంబంధించిన వార్తలనో, వాటిపై వ్యాఖ్యలనో నియమిత కాలవ్యవధిలో అచ్చువేసి పంచేదేదైనా నియతకాలిక పత్రికే అవుతుంది. ప్రతులు వందైనా లక్షైనా రిజిస్ట్రేషన్ తప్పదు. 1867 నాటి పాత చట్టం పోయి, 2023లో పార్లమెంటు ఆమోదించిన ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. పాత పద్ధతిలో ముందు టైటిల్ తెచ్చుకోవాలి, ఆ తరువాత మేజిస్ట్రేటు ఎదుట డిక్లరేషన్, అంటే ప్రకటన పత్రం, ఇవ్వాలి, సంచిక వెలువడ్డాక మళ్లీ నంబరు కోసం దరఖాస్తు చేయాలి. ఊళ్లో పూర్వం పక్షపత్రిక నడిపిన ఒక పెద్దాయన ఆ కష్టాలన్నీ ఏకరువు పెట్టి మమ్మల్ని సగం భయపెట్టారు. కొత్త చట్టంలో టైటిలూ రిజిస్ట్రేషనూ ఒకే దరఖాస్తుతో, ప్రెస్ సేవా అనే కేంద్ర ప్రభుత్వ వెబ్ పోర్టల్ ద్వారా జరుగుతాయి. డిక్లరేషన్ అనే మాటే లేదు. ఆ పెద్దాయన చివరి వరకూ దీన్ని నమ్మలేదు.

పత్రిక యజమాని, ప్రచురణకర్త, సంపాదకుడు ఎవరో మొదటే తేల్చుకోవాలి. అమెరికాలో డాలస్‌లో స్థిరపడిన మా విద్యార్థి ఒకడు ఖర్చులో కొంత భరిస్తాననీ, సంపాదకుడిగా తన పేరు పెట్టమనీ ఉత్సాహంగా అడిగాడు. సంపాదకుడు భారత పౌరుడై, సాధారణంగా భారతదేశంలో నివసించేవాడై ఉండాలని చట్టం చెబుతుంది కనుక అతనికి చందాదారు హోదా మాత్రమే ఇవ్వగలిగాము. చట్టం అలా చెప్పకపోయినా నేను ఒప్పుకునేవాడిని కాదేమో. మురుగు కాలువ గురించి రాసినవాడు మరునాడు ఆ కాలువ పక్కనుంచే కూరగాయలకు వెళ్లవలసి ఉండాలన్నది నా అభిప్రాయం. చివరకు ఆ మూడు బాధ్యతలూ నా పేరుమీదే పెట్టుకున్నాము.

పేరు కుదరడం మేము అనుకున్నంత తేలిక కాలేదు. దేశంలో ఎక్కడైనా సరే అదే భాషలోనూ, మన రాష్ట్రంలోనైతే ఏ భాషలోనైనా, అప్పటికే ఉన్న పేరుకు సమానమైనది కాని దాన్ని పోలినది కాని ఇవ్వరు. తెలుగు పత్రికలకు పెట్టదగిన మంచి మాటలన్నీ నూట యాభై ఏళ్లుగా ఎవరో ఒకరు పెట్టుకుంటూనే వచ్చారు. జ్యోతి, ప్రభ, భూమి, వార్త, వాణి, వెలుగు వంటి మాటల్లో దేనిని తాకినా అది ఏదో ఒక పత్రికకు దగ్గరగానే తేలుతుంది. వాటి ముందు ఊరి పేరు తగిలించినంత మాత్రాన కొత్త పేరు అయిపోదు. పోర్టల్‌లోనే ఉన్న టైటిళ్ల జాబితాను వెతికి, దొరకని మాటలు ఏరుకుని, ప్రాధాన్య క్రమంలో కొన్ని పేర్లు రాశాము. తెలుగు లిపిలోనూ రోమన్ లిపిలోనూ రాయాలి కనుక దీర్ఘాలు రోమన్‌లో ఎలా పలుకుతాయో చూసుకోవడం మంచిది. అక్కడ వేరే పత్రిక పేరుతో కలిసిపోయే ప్రమాదం ఉంది. మాకు వచ్చింది మా మనసుకు నచ్చిన పేరు కాదు, మా జాబితాలో కింద రాసుకున్నది. ఇప్పుడు అది కూడా అలవాటైంది.

దరఖాస్తులో ఆధార్‌తో ఈ-సంతకం, చిరునామా పత్రాలు, కొద్దిపాటి రుసుము ఇవన్నీ ఎలాగో జరిగిపోయాయి. అసలు చిక్కు ప్రెస్సు దగ్గర వచ్చింది. మన పత్రికను ముద్రించే ప్రెస్సు కూడా ఆ పోర్టల్‌లో తన వివరాలు నమోదు చేసుకోవాలి. ఎన్నికల కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, శుభలేఖలతో కాలక్షేపం చేస్తున్న మా శిష్యుడికి దిల్లీలోని ఒక కార్యాలయపు వెబ్‌సైటులో తన యంత్రం వివరాలు రాయడమంటే పన్నులవారిని ఇంటికి పిలిచినట్టే తోచింది. పత్రిక పని కూడా దొరికితే నెలనెలా ఖాయమైన ఆదాయమని ఒకవైపు నేనూ, లెక్కలు సరిగ్గానే ఉన్నాయి కదా భయమెందుకని మరోవైపు అతని భార్యా నచ్చచెప్పిన మీదట నమోదు చేశాడు. చిన్న పట్టణాల్లో పత్రిక పెట్టదలచినవారు పేరు వెతికేకంటే ముందు ప్రెస్సును వెతుక్కోవడం మేలని చెబుతాను. ఆఫ్‌సెట్ ముద్రణ పని పెద్ద ఊళ్లకు తరలిపోతున్నది కనుక స్థానికంగా ఒప్పుకునేవారు ఏటేటా తగ్గుతున్నారు.

దరఖాస్తు దిల్లీలోని ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్‌కూ, జిల్లాలో నిర్దేశించిన అధికారికీ ఏకకాలంలో చేరుతుంది. జిల్లా అధికారి తన అభ్యంతరాలను కాని నిరభ్యంతరాన్ని కాని 60 రోజుల్లోగా తెలియజేయాలి. ఉగ్రవాద చర్యలకో, చట్టవ్యతిరేక కార్యకలాపాలకో శిక్షపడినవారూ, దేశ భద్రతకు విరుద్ధంగా నడుచుకున్నవారూ పత్రిక పెట్టకూడదన్న నిబంధన ఉంది కనుక విచారణ సహజమే. స్టేషను నుంచి వచ్చిన కానిస్టేబుల్ కూడా మా బడిలో చదివినవాడే కావడంతో విచారణలో సగభాగం పాత ఉపాధ్యాయుల క్షేమసమాచారాలతో గడిచింది. అయినా అతను అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగాడు, ఏ పార్టీ తరఫున పెడుతున్నారన్న ప్రశ్నతో సహా. ఆ ప్రశ్న ఫారంలో లేదు, ఊరివారి తరఫున తానే అడిగినట్టున్నాడు. తరువాత కూడా ఎక్కువమంది మమ్మల్ని అడిగింది అదే. క్యూఆర్ కోడ్ ఉన్న రిజిస్ట్రేషన్ పత్రం మెయిల్‌లో వచ్చిననాడు దాన్ని అచ్చు తీసి గోడకు తగిలించలేదు కాని, ఆ నంబరు మాత్రం నాకు కంఠతా వచ్చేసింది.

సంచిక స్వరూపం విషయంలో పొదుపే మార్గం చూపింది. ఏ3 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. రెండు కాగితాలు కలిపితే ఎనిమిది. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద ఎనిమిది పేజీల బరువు 18 గ్రాములు దాటదు. ఈ బరువు లెక్క తపాలా దగ్గర పనికివస్తుంది. డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద పేజీలు కట్టే పనిలో మాత్రం తెలుగుకే ప్రత్యేకమైన తలనొప్పి ఒకటి ఎదురైంది. వార్తలు పంపేవారందరూ ఫోన్లలో యూనికోడ్‌లో రాస్తారు, ప్రెస్సులో పేజీలు కట్టే అమ్మాయి ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే పనిచేస్తుంది. మార్పిడి చేసినప్పుడు ఒత్తులు ఎగిరిపోవడం, పొల్లులు మరో అక్షరానికి అంటుకోవడం మామూలే. మామూలు వ్యాసంలో అది అచ్చుతప్పుతో పోతుంది. మరణవార్తలో ఇంటిపేరు మారిపోతే మాత్రం ఆ కుటుంబం క్షమించదు. అందువల్ల పేర్లు, తేదీలు, ఫోను నంబర్లు ఉన్న ప్రతి పేజీనీ కాగితం మీద ప్రూఫు తీయించి, ఒకరు చదువుతుండగా మరొకరు మూలంతో పోల్చే పాత పద్ధతికే వెళ్లాము.

ఇక వార్తల సేకరణ. పురపాలక సంఘం తీర్మానాలు తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. సమాధానానికి 30 రోజుల గడువు ఉంటుంది. మాసపత్రికకు ఆ గడువు పెద్ద అడ్డంకి కాదు. దినపత్రిక విలేకరికి ఈ తీరిక ఉండదు కనుక మాకు ఇదొక లాభమే అనిపించింది. పాత తీర్మానం, దానికి మంజూరైన మొత్తం, పని ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్న మూడు సంగతులను పక్కపక్కన వేస్తే వ్యాఖ్య రాయనక్కరలేదు. చదివేవారికే అర్థమవుతుంది. దరఖాస్తు పత్రికా సంపాదకుడిగా కాక పౌరుడిగా పెట్టాలన్నది గుర్తుంచుకోవాలి, ఆ హక్కు పౌరులకు ఇచ్చినది.

నేరవార్తల దగ్గర చిన్న ఊరికి పెద్ద ఊరికంటే ఎక్కువ జాగ్రత్త కావాలని నా గట్టి నమ్మకం. బాలలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టంలోని 23వ సెక్షను బాధిత బాలల పేరును మాత్రమే కాక చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, పాఠశాల, పరిసర ప్రాంతం వంటి గుర్తుపట్టే ఆధారాలన్నిటినీ వెల్లడించరాదని చెబుతుంది. హైదరాబాదులో "ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే బాలిక" అని రాస్తే ఎవరో తెలియదు. మా ఊళ్లో ఆ మాట రాసి, దానికి తండ్రి వృత్తి ఒక్కటి చేర్చితే చాలు, సాయంత్రానికి ఇల్లు తెలిసిపోతుంది. అందువల్ల అటువంటి వార్తలను మేము వేయనే వేయడం లేదు. అప్పు ఎగవేతలు, ఆలుమగల తగాదాలు, పరువుకు సంబంధించిన మరికొన్ని సంగతులూ ఇదే కారణంతో పక్కన పెట్టాము. "మీ పత్రికలో మసాలా లేదు" అన్న విమర్శ ఉంది, దానికి మా దగ్గర సమాధానం లేదు, వెతకడం కూడా లేదు.

దీనికి భిన్నంగా, కనుమూసినవారి వివరాలు, రైళ్ల వేళలు, ధాన్యం కొనుగోలు కేంద్రాల సమాచారం, విద్యుత్తు నిలిపివేసే రోజులు ఉన్న పేజీకే ఆదరణ ఎక్కువ. కరకట్ట పక్క గ్రామాలవారు నదిలో నీటిమట్టం గురించి ఎవరిని అడగాలో, కంట్రోలు రూము ఫోను నంబరు ఏదో ప్రతి సంచికలో ఒకే చోట వేయమని కోరారు. వానాకాలమైనా కాకపోయినా అది అక్కడే ఉంటుంది. మరణవార్తలకు ఒక నియమం పెట్టుకున్నాము. ఎంత నమ్మకమైనవారు చెప్పినా, ఇంటివారిలో ఒకరితో మాట్లాడకుండా వేయము. డబ్బు తీసుకోము. వరుసలు రాసేటప్పుడు కోడళ్ల పేర్లు, కూతుళ్ల పేర్లు కూడా అడుగుతాము, ఎందుకంటే ఇంటివారు తమంత తాముగా చెప్పేది కొడుకుల పేర్లే.

పంపిణీకి తపాలా శాఖ వార్తాపత్రికల రిజిస్ట్రేషన్ తీసుకున్నాము. రిజిస్టరైన పత్రికకు 50 గ్రాముల లోపు ప్రతికి 25 పైసల రేటు. చందాదారుల జాబితా నిజమైనదై ఉండాలి, ఏ తేదీన ఏ పోస్టాఫీసులో వేస్తామో ముందే చెప్పి దానికి కట్టుబడాలి. ఆ తేదీ నియమం మాకు మేలే చేసింది, ప్రకటన ఆలస్యమైందనో వ్యాసం రాలేదనో సంచికను జరిపే వీలు లేకుండా పోయింది. ఇవికాక 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరాకూ, ముంబయి, దిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపాలి. రేపల్లె కాలువల పూడికతీత గురించి కోల్‌కతాలో ఎవరు చదువుతారని మా మిత్రుడొకరు నవ్వారు కాని, ప్రతులు పంపుతూనే ఉన్నాము.

ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్‌కు పంపవలసిన వార్షిక నివేదిక సిద్ధం చేస్తున్నాము. అందులో ముద్రించిన ప్రతుల సంఖ్య రాయాలి. ప్రకటనల రేటు నిలవాలంటే అంకెను పెంచి చూపాలని అనుభవజ్ఞులు ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. చిన్న పత్రికల్లో అది కొత్త సంగతి కాదు. మా ప్రెస్సు బిల్లు, కాగితం బిల్లు 500 ప్రతులకే ఉన్నాయి. నివేదికలోనూ 500 అనే రాశాము, ప్రకటన అడగడానికి వెళ్లిన దుకాణాల్లోనూ అదే చెబుతున్నాము.