బోరాన్ లెక్కలో నేను మర్చిపోయిన ఎలక్ట్రాన్లు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి క్లాసులో చాలామంది ఐటర్ లాంటి టోకమాక్‌లు (వేడి ప్లాస్మాని అయస్కాంతాలతో పట్టి ఉంచే ఫ్యూజన్ యంత్రాలు) తీసుకుంటే, నేను పట్టుబట్టి హైడ్రోజన్-బోరాన్ ఫ్యూజన్, అంటే ఆ రెండిటి కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం, తీసుకున్నాను. మామూలుగా వాడాలనుకునే బరువైన హైడ్రోజన్ రకాలు డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే పుట్టే 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిలో 14.1 న్యూట్రానే పట్టుకుపోతుంది. ఆ న్యూట్రాన్ల దెబ్బకి రియాక్టర్ గోడలు పాడవుతాయి. ప్రోటాన్ (హైడ్రోజన్ కేంద్రకం), బోరాన్-11 కలిస్తే మాత్రం వచ్చేవి న్యూట్రాన్లు కావు, మూడు ఆల్ఫా కణాలు, అంటే హీలియం కేంద్రకాలు. ఇంత శుభ్రమైన ఇంధనాన్ని ఎందుకు పక్కన పెట్టారా అని నాకు నిజంగా బాధగా ఉండేది.

"మిషన్ బొమ్మ తర్వాత గీద్దువుగాని. ముందు పుట్టే శక్తెంత, పోయే శక్తెంత, అది తేల్చు" అన్నారు మా ప్రాజెక్టు గైడ్ మేడమ్.

ఎక్సెల్‌లో రెండు గీతలు గీశాను. ఎరుపుది ఫ్యూజన్‌లో పుట్టే శక్తి. నీలంది బ్రెమ్స్‌స్ట్రాలంగ్, అంటే ఎలక్ట్రాన్లు అయాన్ల (ఎలక్ట్రాన్లు ఊడిపోయిన పరమాణువుల) పక్క నుంచి వంగి వెళ్తూ ఎక్స్-కిరణాలుగా పోగొట్టే శక్తి. ఎరుపు గీత పైన ఉంది! రాత్రి రెండింటికి రూమ్మేట్‌ని లేపి మరీ చూపించాను.

మర్నాడు మేడమ్ నీలం గీత తాలూకు సెల్ మీద క్లిక్ చేసి, "ఎలక్ట్రాన్లు ఎన్ని వేశావు?" అని అడిగారు. గుండె జారిపోయింది. ఆ ఫార్ములా పాత అసైన్‌మెంట్‌లోంచి తెచ్చింది, ఒట్టి హైడ్రోజన్‌ది. బోరాన్ అయాన్ ఒక్కొక్కటి ఐదు ఎలక్ట్రాన్లను వెంట తెస్తుంది. పైగా నష్టం అయాన్ విద్యుదావేశం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ఐదైదులు పాతిక. నూరు అయాన్లలో 15 బోరాన్ అనుకుంటే ఎలక్ట్రాన్లు 160, నష్టం ఏడు రెట్ల పైమాటే. సరిచేసి ఎంటర్ కొట్టగానే నీలం గీత ఎరుపుని దాటి పైకి వెళ్లిపోయింది.

1995లో ఎంఐటీలో టాడ్ రైడర్ తన థీసిస్‌లో తేల్చింది కూడా ఇదే. దాదాపు 350 కోట్ల డిగ్రీల దగ్గర, ఎలక్ట్రాన్లు అయాన్ల కంటే చల్లగా ఉండి నష్టం కొంత తగ్గినా సరే, నష్టమే ఎక్కువ. అదే షీట్‌లో డ్యుటీరియం-ట్రిటియం వేసి చూస్తే, 5 కోట్ల డిగ్రీల దగ్గరే ఆల్ఫాల వేడి ఈ నష్టాన్ని దాటేసింది. అయస్కాంతాలను ఎలా అమర్చినా ఈ తేడా పోదని అప్పుడు అర్థమైంది.

వారం రోజులు ఆ ఫైల్ తెరవబుద్ధి కాలేదు. తర్వాత 2019లో వచ్చిన ఒక లెక్క చదివాను. ఈ ఫ్యూజన్ జరిగే అవకాశానికి కొత్తగా కొలిచిన విలువలతో చేస్తే, బొటాబొటీగా అయినా ఎరుపు గీత పైకి వచ్చే వీలుంది. అది పట్టుకుని మళ్లీ మేడమ్ దగ్గరికి పరిగెత్తాను.

"బాగుంది. మరి ఎలక్ట్రాన్లను చల్లగా ఉంచడానికి ఎంత ఖర్చవుతుంది?" అన్నారు. ఇప్పుడు ఆ మూడో గీత గీస్తున్నాను.