సోమవారం సాయంత్రం మీటింగ్ పెట్టకు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో మా లీడ్ నాకు చెవిలో వేసిన మొదటి మాట ఇదే. హైదరాబాద్ టీమ్‌తో కాల్ అంటే ఎండాకాలంలో ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ పొద్దున్న ఏడున్నర. మంగళవారం పెట్టుకో, గురువారం పెట్టుకో, సోమవారం మాత్రం వద్దు. పెడితే ఎవరూ రారని కాదు, మొహమాటానికి వస్తారు, కెమెరా ఆపేసి కూర్చుంటారు, వెనక పిల్లలు పాడుతుంటారు. సోమవారం రాత్రి ఇంటివాళ్ళది. మార్మన్ చర్చి 1915లో ఈ ‘హోమ్ ఈవెనింగ్’ మొదలుపెట్టింది, 1970లో దాన్ని సోమవారానికి ఖాయం చేసింది. ఆ రాత్రి కుటుంబమంతా ఒకచోట చేరి ఒక ప్రార్థన, ఒక పాట, చిన్న పాఠం, తర్వాత ఏదో ఆట, ఆఖర్న ఏదో తీపి. ఆ మాటకొస్తే తీపి లేకుండా ఇక్కడ ఏదీ జరగదు.

‘మార్మన్’ అని పిలవొద్దని 2018లో వాళ్ళ అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ కోరాడు. అసలు పేరు ‘చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్’. ఆఫీసులో ఎల్‌డీఎస్ అంటారు. మన పాఠకులకు తెలిసింది పాత పేరే కాబట్టి దానితోనే కానిస్తాను.

డాలస్‌లో ఉన్నన్నాళ్ళూ నాకు అమెరికా అంటే సగం తెలుగే. కిరాణా కొట్టు మనదే, టిఫిన్లు మనవే, శనివారం పుట్టినరోజు ఫంక్షన్లూ మనవే. యూటా అలా కాదు. మనవాళ్ళు ఇక్కడా ఉన్నారు, సౌత్ జోర్డన్‌లో వినాయకుడి గుడి ఉంది, కానీ ఊరు నడిచేది చర్చి నడకన. సాల్ట్ లేక్ సిటీలో వీధుల నెంబర్లు కూడా వాళ్ళ ఆలయం స్థలం మూల నుంచే మొదలవుతాయి. 700 ఈస్ట్ అంటే అక్కణ్ణుంచి తూర్పుకి ఏడో వీధి, 400 సౌత్ అంటే దక్షిణానికి నాలుగోది. కొత్తవాడు దారి తప్పాలన్నా కుదరదు. మా ఆఫీసున్న లీహై ఊరి పేరు వాళ్ళ పవిత్ర గ్రంథం బుక్ ఆఫ్ మార్మన్‌లోని ఒక ప్రవక్తది. క్రీ.పూ. 600 ప్రాంతంలో ఆయన జెరూసలేం వదిలి కుటుంబంతో సహా సముద్రం దాటి అమెరికా ఖండానికి వచ్చాడని ఆ గ్రంథం అంటుంది. పురావస్తువాళ్ళు ఒప్పుకోరు. ఇప్పుడా ఊళ్ళో హైవేకి అటూ ఇటూ సాఫ్ట్‌వేర్ కంపెనీలే.

ఇక కాఫీ సంగతి. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర క్యూ లేకపోవడం నేను ఇక్కడే చూశాను. ఫ్రిజ్ నిండా మాత్రం కోక్, డైట్ కోక్. మధ్యాహ్నం మూడింటికి మనం టీకి లేచినట్టు వీళ్ళు కార్లేసుకుని సోడా కొట్టుకి వెళ్తారు. కోక్‌లో కొబ్బరి సిరప్, పైన క్రీమ్ పోసి ఇస్తారు. లీటరుకి తగ్గని గ్లాసు. నాలుక మీద పెట్టుకోగానే నా పళ్ళు జివ్వుమన్నాయి. వాళ్ళ మతంలో మద్యం, పొగాకు, కాఫీ, టీ నిషేధం. కోక్ నిషేధం కాదు. ఆ నియమం 1833 నాటిది. ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఇంటి మేడమీద పెద్దలు చేరి పైపులు కాల్చి, పొగాకు నమిలి నేలంతా ఉమ్మేవారట. ఆ నేల కడగలేక ఆయన భార్య ఎమ్మా గొడవపెట్టిందనీ, ఆ తర్వాతే ఈ విషయంలో దైవవాక్కు వచ్చిందనీ, జోసెఫ్ తర్వాత చర్చిని నడిపిన బ్రిగమ్ యంగ్ చెప్పాడు. ఇన్ని మతాలలో ఒక నియమం వెనక ఇల్లాలి విసుగు ఇంత సూటిగా కనిపించడం నాకు భలే నచ్చింది.

దీని చిక్కు మాకు తెలిసింది పక్కింటివాళ్ళని భోజనానికి పిలిచినప్పుడు. ఐదుగురు పిల్లలతో వచ్చారు. గుమ్మంలో అడుగుపెట్టగానే మా ఆవిడ అలవాటుగా “టీ పెట్టనా?” అంది. ఇంటికొచ్చినవాళ్ళకి టీ కూడా ఇవ్వకపోతే ఎట్లా! పక్కింటావిడ నవ్వి, మంచినీళ్ళు చాలన్నారు. అల్లం, యాలకులు వేసి పాలు కాస్తే అందులో టీ ఆకు లేదు కదా అని అడిగి మరీ తాగారు. నాలుగోవాడు రెండు గ్లాసులు తాగాడు. ఇప్పుడు మా ఇంట్లో వాళ్ళ కోసం వేరే డబ్బా ఉంది: సొంఠి, యాలకులు, మిరియాల పొడి.

అయితే నాకు అన్నిటికంటే వింతగా తోచింది వాళ్ళ ‘కాలింగ్’. వాళ్ళ ఊరి చర్చిలో జీతం తీసుకునే పాస్టర్ ఉండడు. ఇళ్ళ సరిహద్దులు గీసి వార్డులు చేస్తారు. నచ్చిన చర్చికి పోతానంటే కుదరదు, నీ వీధి ఏ వార్డులో పడితే అదే నీ చర్చి. ఆ వార్డులోవాళ్ళకే పనులు పంచుతారు. నువ్వు ఈ ఏడాది పసిపిల్లల గది చూసుకో, నువ్వు పియానో వాయించు, నువ్వు బిషప్పుగా ఉండు. అడిగి తెచ్చుకునేది కాదు, పిలిచి ఇచ్చేది. బిషప్పు పని సుమారు ఐదేళ్ళు, పైసా రాదు. మా టెస్టింగ్ టీమ్‌లో ఒకాయన బిషప్పు. పగలంతా బగ్గులు రాస్తాడు, సాయంత్రం ఎవరి అద్దె కట్టలేదో, ఎవరి కాపురం ఎక్కడ బెడిసిందో వింటాడు. మా కంపెనీ డైరెక్టరు ఆయన వార్డువాడే, అక్కడ రెండేళ్ళ పిల్లలకి బిస్కెట్లు పంచే పని. ఆఫీసులో బిషప్పు డైరెక్టరుకి రిపోర్ట్ చేస్తాడు. ఆదివారం డైరెక్టరు తన ఆదాయంలో పది శాతం చర్చికి ఇస్తున్నాడా లేదా అన్న లెక్క బిషప్పు దగ్గర ఉంటుంది! ఇద్దరూ దీన్ని వింతగా అనుకోరు.

మేము అద్దె ఇల్లు మారినప్పుడు ఆ యంత్రం ఎట్లా తిరుగుతుందో దగ్గరగా చూశాను. పక్కింటాయన “శనివారం ఎన్నింటికి?” అని మాత్రం అడిగాడు. తొమ్మిదింటికి వీధిలో నాలుగు పికప్ ట్రక్కులు. వచ్చినవాళ్ళలో సగం మంది పేర్లు నాకు తెలియవు. ఒక పెద్దాయన మా గ్రైండర్‌ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని, ఇదేమిటి ఇంత బరువు అన్నాడు. లోపల రాయి అని చెప్తే, ఇంకో ఇద్దర్ని పిలిచి రాతి గ్రైండర్ చూపించాడు. పదకొండుకి ఇల్లు ఖాళీ. భోజనం పెడతానంటే డోనట్లు తెచ్చుకున్నామన్నారు. చర్చి మాటే రాలేదు. ఇది మతంలోకి లాగడానికే చేస్తారా అని మనవాళ్ళు నన్ను అడుగుతుంటారు. కొంత ఉండొచ్చు. కానీ పంపకం ప్రకారం చేసే సాయం సాయం కాదనడం నాకు నచ్చదు. మన ఊళ్ళలో పెళ్ళికి వంట చేయడానికొచ్చిన చుట్టాలందరూ ప్రేమతోనే వచ్చారా?

జూలై 24 యూటాలో సెలవు. 1847లో బ్రిగమ్ యంగ్ బండ్లతో ఈ లోయకి చేరిన రోజు. దానికి ముందు కథంతా పారిపోవడమే. న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే రైతుబిడ్డ, దేవదూత చూపించిన బంగారు రేకుల నుంచి ఒక గ్రంథం అనువదించానన్నాడు; 1830లో అది అచ్చయింది, అదే ఏడు ఏప్రిల్ 6న చర్చి మొదలైంది. ఒహాయో, మిస్సోరీ, ఇల్లినాయ్, ఎక్కడా కుదురుగా ఉండనివ్వలేదు. 1838లో మిస్సోరీ గవర్నరైతే వీళ్ళని తరిమేయాలి లేదా తుడిచిపెట్టేయాలి అని ఉత్తర్వే ఇచ్చాడు; దాన్ని రద్దు చేసింది 1976లో. 1844 జూన్ 27న ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైలు మీద గుంపు పడి జోసెఫ్‌నీ, అన్న హైరమ్‌నీ కాల్చి చంపింది. తర్వాత ఎడ్లబండికి డబ్బుల్లేని వలసవాళ్ళు చేతిబండ్లు లాక్కుంటూ నడిచారు. 1856లో ఆలస్యంగా బయల్దేరిన రెండు జట్లు వయోమింగ్ మంచులో ఇరుక్కుని 200 మందికి పైగా చనిపోయారు. మా టీమ్‌లో ఒకమ్మాయి ముత్తవ్వకి ముత్తవ్వ ఆ జట్లలో ఒకదాంట్లో నడిచిందట. లంచ్‌లో సాండ్‌విచ్ తింటూ, నిన్నగాక మొన్న జరిగినట్టు చెప్పింది.

ఆ అమ్మాయే, ఇంకో పూర్వీకుడికి ముగ్గురు భార్యలనీ చెప్పింది, గొంతు తగ్గించకుండానే. బహుభార్యత్వం 1852లో బహిరంగంగా ప్రకటించి, ఆస్తులు జప్తయ్యేదాకా వచ్చాక 1890లో చర్చి మానేస్తున్నామంది. 1896లో యూటాకి రాష్ట్రహోదా వచ్చింది. ఇప్పుడెవరైనా చేస్తే వెలివేస్తారు. నల్లజాతి మగవాళ్ళకి పురోహితాధికారం 1978 దాకా ఇవ్వలేదన్న మాట దగ్గర మాత్రం ఆమె సాండ్‌విచ్ పక్కన పెట్టేసింది. “దానికి నా దగ్గర జవాబు లేదు” అంది. నేనూ పొడిగించలేదు.

చచ్చిపోయినవాళ్ళ విషయంలో వీళ్ళ పట్టుదల చూస్తే మనవాడెవడైనా ముక్కున వేలేసుకుంటాడు. బాప్తిస్మం లేకుండా పోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్ళు ఆలయంలో నీళ్ళలో మునుగుతారు. ఒప్పుకోవడమా మానడమా ఆ ఆత్మ ఇష్టం అంటారు. దానికి పేర్లు కావాలి, అందుకే వంశవృక్షాల వేట. ప్రపంచమంతా తిరిగి రికార్డులు ఫిల్మ్ తీశారు, సాల్ట్ లేక్ దగ్గర గ్రానైటు కొండ తొలిచి లోపల దాచారు. హరిద్వార్ పండాల దగ్గరుండే యాత్రికుల చిట్టాలనీ వదల్లేదు. పక్కింటాయన ఫోన్‌లో తన వంశం ఇంగ్లండు పల్లె దాకా చూపించి, మీది చెప్పండి అన్నాడు. తద్దినంలో పలికేది మూడు తరాలే, అక్కడితో నేను ఆగిపోయాను. మా జేజమ్మ పుట్టింటి ఇంటిపేరు కోసం ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేయాల్సివచ్చింది. మంచిదే, కానీ దీనికి హద్దు ఉండాలి. హోలోకాస్ట్‌లో చనిపోయిన యూదుల పేర్లకీ ఇలా బాప్తిస్మాలిస్తే యూదులు మండిపడ్డారు, 1995లో ఒప్పందం చేసుకోవాల్సొచ్చింది. మా పెద్దల పేర్లు ఎక్కించవద్దని నేను ముందే చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు.

మనకూ వీళ్ళకూ సంబంధం ఇక్కడితో మొదలైంది కాదు. సమోవాలో ఉద్యోగం చేస్తూ ఈ మతంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి బంధువుల్లో ఇరవై రెండు మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు పాదిరి. బుక్ ఆఫ్ మార్మన్‌ని తెలుగు చేసింది ఆయనే. దేశంలో మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని వార్డుల సమూహం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఇది మా ఆఫీసులో నాకంటే ముందే వాళ్ళకి తెలుసు.

అన్నీ బాగున్నాయనను. ఆదివారం ప్రార్థనకి ఎవరైనా వెళ్ళొచ్చు గానీ ఆలయం లోపలికి చర్చి ఇచ్చే కార్డున్నవాళ్ళే. అక్కడ జరిగే పెళ్ళికి సొంత అమ్మానాన్నలైనా సభ్యులు కాకపోతే బయటే నిలబడాలి. ముందు మామూలు పెళ్ళి చేసుకుంటే ఆలయంలో చేసుకోడానికి ఏడాది ఆగాలన్న షరతు 2019లో తీసేశారు, కాస్త నయం. పిల్లలకి ఇంకా కష్టం. ఇక్కడ హైస్కూల్ పక్కనే చర్చివాళ్ళ సెమినరీ భవనం ఉంటుంది, బడి మధ్యలో ఒక పీరియడ్ పిల్లలు అక్కడికి పోతారు. మా అమ్మాయి స్నేహితురాళ్ళంతా గేటు దాటి వెళ్తే తను లైబ్రరీలో కూర్చుంటుంది. ఎవరూ ఏమీ అనరు. అనకపోయినా కూర్చునేది తనే కదా.

ఆఫీసులోనూ అంతే. ఎవరికి ఏ పోస్టు వస్తుందన్నది సగం చర్చి పార్కింగ్‌లో తేలిపోతుందని నా అనుమానం. మిషనరీగా రెండేళ్ళు ఒకే చోట పనిచేసినవాళ్ళ దోస్తీ ముందు మన పెర్ఫార్మెన్స్ రివ్యూలు ఏపాటి?

పోయినేడు ఒక కంపెనీలో కోత పడి, మనవాడొకడికి ఉద్యోగం పోయింది. హెచ్‌1బి వీసా, కొత్త ఉద్యోగం వెతుక్కోడానికి చేతిలో అరవై రోజులు, భార్యకి ఏడో నెల. నేను పంపిన రెజ్యూమెలకి ఒక్కదానికీ జవాబు లేదు. పక్కింటాయన కంచె అవతల నుంచి విని, ఆ రాత్రే తన వార్డులో మేనేజర్లుగా ఉన్నవాళ్ళకి ఫోన్లు చేశాడు. మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి, ఒకటి కుదిరింది. నేను తిట్టుకునే పార్కింగ్ దోస్తీయే అది. మాకేం చేయమంటారని అడిగితే, రిలీఫ్ సొసైటీ వాళ్ళకి, అంటే వార్డు ఆడవాళ్ళ సంఘానికి, ఒక గురువారం మన వంట నేర్పించమని ఆయన భార్య అడిగింది. ఆ సంఘం 1842 నాటిదట. మా ఆవిడ పులిహోర చేసి చూపించింది. ఇరవై మంది నోట్సు రాసుకున్నారు, ఒకావిడ ఇంగువ డబ్బా వాసన చూసి దూరంగా జరిగింది.