చర్మం కింద కణాలు: టైప్ 1 షుగర్ ట్రయల్‌లో నా అనుభవం

టైప్ 1 షుగర్‌కి చర్మం కింద కణాలు పెట్టే ట్రయల్‌లో నేనున్నానని తెలియగానే అందరూ అడిగే మొదటి మాట, ‘అయితే ఇన్సులిన్ మానేశారా?’ అని. లేదు. మానేయించడం ఆ ట్రయల్ లక్ష్యం కూడా కాదు. ప్రయోగశాలలో మూలకణాల (స్టెమ్ సెల్స్) నుంచి పెంచిన కణాలు మనిషి చర్మం కింద బతుకుతాయా, బతికితే తిండికి స్పందించి ఇన్సులిన్ వదులుతాయా అన్నదే అక్కడ తేలాల్సింది. చేరాలనుకునేవాళ్లకు పనికొస్తుందని, కెనడాలో నేను దాటి వచ్చిన దశలను రాస్తున్నాను.

పెక్-డైరెక్ట్ అనే పరికరంతో జరిగిన ట్రయల్ ఇది. శాన్‌డియాగోకు చెందిన వయాసైట్ కంపెనీ తయారుచేసింది. దీనికంటే ముందు, 2014లో, వాళ్లు మూసివున్న సంచితో ప్రయత్నించారు. లోపలి కణాలకు ఆక్సిజన్, గ్లూకోజ్ పొర గుండా అందుతాయి, రోగనిరోధక కణాలు మాత్రం లోపలికి రాలేవు, కాబట్టి అదనపు మందులు అక్కర్లేదు అన్నది ఆలోచన. కానీ బయటి వస్తువు ఏది వచ్చినా శరీరం దాని చుట్టూ మచ్చలాంటి గట్టి కణజాలం అల్లేస్తుంది. ఆ పొర కింద రక్తనాళాలు దగ్గరికి రాక కణాలు ఊపిరాడక చనిపోయాయి. 2017లో మొదలైన పెక్-డైరెక్ట్‌లో సంచికి రంధ్రాలు పెట్టారు. వాటి గుండా రక్తనాళాలు లోపలికి పెరుగుతాయి. వాటితోపాటే రోగనిరోధక కణాలూ వస్తాయి కాబట్టి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు, అంటే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడేవే, వాడాలి. కన్సెంట్ ఫారంలో ఎక్కువ పేజీలు ఈ మందుల గురించే ఉంటాయి. ఆపరేషన్ పేజీల కంటే వాటినే రెండుసార్లు చదవాలి.

ఎంపికలో ముందు చూసేది కనీసం 5 ఏళ్లుగా టైప్ 1 ఉందా, లో షుగర్ వచ్చినప్పుడు చెమట, వణుకు లాంటి హెచ్చరికలు తెలియకుండా పోయాయా అన్నది. రాత్రిపూట 45కి పడిపోయినా మెలకువ రానివాళ్లకే, ఇంత బరువైన మందులు వాడటంలో న్యాయం ఉంటుంది. తర్వాత సి-పెప్టైడ్. క్లోమం ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు దానితో సమానంగా విడుదలయ్యే ముక్క ఇది. మనం పొడుచుకునే ఇన్సులిన్‌లో ఇది ఉండదు. మొదట్లో ఇది సున్నాకు దగ్గరగా ఉంటేనే, తర్వాత కనిపించినదంతా కొత్త కణాల నుంచి వచ్చిందని చెప్పగలం. ట్రయల్ మొత్తానికి సాక్ష్యం ఈ ఒక్క అంకె.

మనవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకు చర్మం మీద చేసే టీబీ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు. బీసీజీ ప్రభావం పడని ఇగ్రా అనే రక్తపరీక్ష అడగాలి. అది నిజంగా పాజిటివ్ అయితే నిద్రాణంగా ఉన్న టీబీకి ముందు చికిత్స పూర్తిచేయాలి. ఆ కోర్సులో రిఫాంపిసిన్ ఉంటే అది, రోగనిరోధక శక్తిని అణిచే ముఖ్యమైన మందు టాక్రోలిమస్‌ను శరీరం నుంచి వేగంగా తరిమేస్తుంది, కాబట్టి రెండూ ఒకేసారి కుదరవు. హెపటైటిస్ బి కూడా అంతే, ఎప్పుడో వచ్చి తగ్గినది మందుల వల్ల తిరగబెట్టవచ్చు. బతికున్న క్రిములతో చేసే టీకాలు ఏవైనా కావాలంటే మందులు మొదలుపెట్టడానికి కొన్ని వారాల ముందే అయిపోవాలి. పుచ్చిపళ్లు ఉంటే అప్పుడే బాగుచేయించుకోవాలి.

రోగనిరోధక శక్తిని ఒక్కసారిగా దించడానికి ఏటీజీ ఇస్తారు. కుందేళ్ల నుంచి తీసిన ప్రతిరక్షకాలు ఇవి. మొదటి డోసు కనీసం 6 గంటలు, పెద్ద సిర గుండా, ఫిల్టర్ పెట్టి ఎక్కిస్తారు. వేగం పెంచితే చలిజ్వరం, బీపీ పడిపోవడం వస్తాయి. అవి రాకుండా ముందే పారాసిటమాల్, అలర్జీ మందు, స్టెరాయిడ్ ఇస్తారు. ఆ స్టెరాయిడ్‌తో కొన్ని గంటల్లో షుగర్ 300 దాటడం మామూలే. ఆ రోజుకు ఇన్సులిన్ ఎంత పెంచాలో ముందురోజే డాక్టరుతో రాయించుకోవాలి. పారాసిటమాల్ వల్ల ఒంటికి అంటించుకునే కొన్ని పాత రకం షుగర్ సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, కాబట్టి దిద్దుబాటు డోసు వేసేముందు వేలు గుచ్చి చూసుకోవడం తప్పనిసరి.

ఆపరేషన్ గురించి చెప్పడానికి తక్కువే ఉంది. పరికరం పల్చటి కార్డులా ఉంటుంది. కొన్ని పెద్దవి, వాటితోపాటు తర్వాత తీసి పరీక్షించడానికి చాలా చిన్నవి కొన్ని, చిన్న కోతలు పెట్టి చర్మం కింద దూరుస్తారు. తర్వాత జాగ్రత్తపడాల్సింది ఒత్తిడి, రాపిడి. పొట్ట దగ్గర పెడితే బెల్టు, లుంగీ ముడి, లంగా బొందు సరిగ్గా దానిమీదే పడతాయి. అక్కడ కొత్త రక్తనాళాలు అల్లుకుంటున్నాయి, వాటిని నలిపితే కణాలకు గాలి అందదు. కుట్ల దగ్గర మెత్తగా నీటిబుడగలా ఉబ్బితే అది చాలావరకు ఊరిన నీరే, సొంతంగా నొక్కకూడదు, బయటి క్లినిక్‌లో సూదితో తీయించుకోనూ కూడదు. సూదితోపాటు క్రిములు లోపలికి పోతే పరికరమే తీసేయాల్సి వస్తుంది. జ్వరం 38 డిగ్రీలు దాటితే, అంటే మన లెక్కలో 100.4, తెల్లవారేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

అసలు కష్టం మాత్రలది. టాక్రోలిమస్, మైకోఫినలేట్, వాటికి తోడు న్యుమోనియా, సైటోమెగాలో వైరస్ రాకుండా మరికొన్ని. టాక్రోలిమస్ ఎంత ఉందో చూసే రక్తం డోసుకు 12 గంటల తర్వాత, తరువాతి డోసు వేసుకోకముందు ఇవ్వాలి. పొద్దున్న అలవాటుగా మాత్ర మింగేసి వెళ్తే అంకె ఎక్కువ వస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తారు, కణాలకు రక్షణ పోతుంది. రక్తపరీక్ష ఉన్న రోజు మాత్రను డబ్బాలోంచి తీసి చిన్న కవర్లో వేసి జేబులో పెట్టుకోవడం నేను పాటించిన పద్ధతి. గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని ఫారంలో రాస్తారు. మన పంపరపనస దాని దగ్గరి చుట్టమే, అదీ మానాలి. మైకోఫినలేట్‌తో విరేచనాలు పట్టుకుంటే టాక్రోలిమస్ మోతాదు రక్తంలో పెరిగిపోతుంది, కాబట్టి రెండు రోజులు విరేచనాలైతే మళ్లీ రక్తం చూపించుకోవాలి. మైకోఫినలేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, అందుకే గర్భం రాకుండా నమ్మకమైన జాగ్రత్త రాతపూర్వకంగా అడుగుతారు. టాక్రోలిమస్ చేతులు వణికిస్తుంది కూడా. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని లో షుగర్ అనుకుని పంచదార నోట్లో వేసుకుంటారు. వణికినప్పుడల్లా ముందు మీటర్ చూడాలి.

ఇక సి-పెప్టైడ్ కోసం పానీయం తాగించి చేసే పరీక్ష. రాత్రి నుంచి పరగడుపున ఉండాలి. పొద్దున షుగర్ సుమారు 70కీ 200కీ మధ్య ఉంటేనే మొదలుపెడతారు. కెనడాలో మీటర్ 3.9, 11.1 అని చూపిస్తుంది, 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. రాత్రి లో షుగర్ వచ్చి గ్లూకోజ్ తాగి ఉంటే దాచకుండా చెప్పి వాయిదా వేయించుకోవాలి. రోజంతా పనిచేసే ఇన్సులిన్, పంపులో రోజంతా కొద్దికొద్దిగా ఎక్కే బేసల్ ఇన్సులిన్ మామూలుగానే ఉంటాయి, భోజనం ఇన్సులిన్ మాత్రం ఉండదు. చిక్కటి ప్రొటీన్ పానీయం కిలో బరువుకు 6 మి.లీ. చొప్పున కొలిచి ఇస్తారు, ఎంత బరువున్నా 360 మి.లీ. దాటదు. 5 నిమిషాల్లో తాగేయాలి. గుటక గుటకకీ ఆగుతూ అరగంట తాగితే గ్లూకోజ్ ఎక్కే తీరు మారిపోయి, పాత పరీక్షతో పోల్చడానికి వీలుండదు.

తాగకముందు రెండుసార్లు, తర్వాత 15, 30, 60, 90, 120 నిమిషాలకు, కొన్నిసార్లు 4 గంటల దాకా, సిరలో ఉంచిన ఒకే కాన్యులా (సన్నటి గొట్టం) నుంచి రక్తం తీస్తారు. ప్రతిసారీ మొదటి కొన్ని మిల్లీలీటర్లు పారబోయాలి, లేకపోతే గొట్టంలోని సెలైన్ కలిసి నమూనా పల్చబడుతుంది. చేతికి వేడి సంచి పెట్టుకుంటే రక్తం ధారగా వస్తుంది. బలవంతంగా లాగితే ఎర్రకణాలు పగిలిపోతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన తేరే ప్లాస్మా లేత గడ్డిరంగులో ఉండాలి, ఎర్రగా వస్తే ఆ నమూనాను నమ్మలేం. గొట్టాలు ఐసులో ఉండాలి. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి, కొన్ని పరీక్షల్ని అవి తప్పుదారి పట్టిస్తాయి. కిడ్నీలు బలహీనపడినా సి-పెప్టైడ్ బయటికి పోక ఎక్కువ కనిపిస్తుంది, టాక్రోలిమస్ కిడ్నీల మీద ప్రభావం చూపే మందు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పక్కన పెట్టుకునే ఆ అంకె చదవాలి. చివరి నమూనా అయ్యేసరికి షుగర్ బాగా ఎక్కి ఉంటుంది. దిద్దుబాటు ఇన్సులిన్ అప్పుడే వేసుకోవాలి, ఒక్క నిమిషం ముందు కూడా కాదు.

ఇంత పట్టుదల ఎందుకంటే మిగతా అంకెలు మోసం చేస్తాయి. ట్రయల్‌లో చేరినవాళ్లు అన్నం కొలిచి తింటారు, సెన్సర్ చూసుకుంటారు, ఆ శ్రద్ధతోనే షుగర్ మెరుగవుతుంది. స్టెరాయిడ్ రోజుల్లో ఇన్సులిన్ అవసరం పెరిగి తర్వాత తగ్గుతుంది, ఆ తగ్గుదలను కణాల గొప్ప అనుకునే ప్రమాదం ఉంది. చేరకముందున్న డోసుతోనే పోల్చాలి. కణాలు పని మొదలుపెట్టడానికి కూడా నెలలు పడుతుంది, ఎందుకంటే పెట్టేటప్పటికి అవి ఇంకా ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు కావు, ఒంట్లోనే ముదరాలి. రెండో నెలలో అంకె కదల్లేదని నిరాశపడక్కర్లేదు.

పరీక్ష కోసం పెట్టిన చిన్న పరికరాలను 3 నుంచి 12 నెలల మధ్య తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. 17 మంది ఫలితాలు 2021లో వచ్చాయి. తీసి చూసిన పరికరాల్లో 63 శాతంలో ఇన్సులిన్ ఉన్న కణాలు దొరికాయి, కానీ 6 మందిలోనే సి-పెప్టైడ్ రక్తంలో కనిపించింది. ఆ ఫలితాల్లో ఎవరూ ఇన్సులిన్ మానలేదు. పరికరాల్లో చాలాచోట్ల మచ్చ కణజాలం నిండింది, బతికినవాటిలో షుగర్‌ను పెంచే గ్లూకగాన్ హార్మోన్ తయారుచేసే కణాలు ఎక్కువగా ఉన్నాయి. పరికరాన్ని మెరుగుపరిచి మరో 10 మందిలో పెట్టిన ఫలితాలు 2023లో వచ్చాయి. ముగ్గురిలో 6వ నెల నుంచి సి-పెప్టైడ్ లీటరుకు 0.1 నానోమోల్‌ను దాటింది, మన ల్యాబుల లెక్కలో మి.లీ.కి దాదాపు 0.3 నానోగ్రాములు. వాళ్లలో ఒకరు షుగర్ సరైన పరిధిలో గడిపిన సమయం 55 నుంచి 85 శాతానికి పెరిగింది. కణాలు పనిచేయగలవని ఇది నాకు నమ్మకం కలిగించింది, తగినన్ని బతకడం లేదన్నదే మిగిలిన సమస్య.

వెర్టెక్స్ అనే మందుల కంపెనీ 2022లో వయాసైట్‌ను కొనేసింది. ముదిరిన కణాలను కాలేయానికి రక్తం తీసుకెళ్లే సిర (పోర్టల్ సిర) గుండా ఎక్కించే వాళ్ల పద్ధతిలో, పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాదికి ఇన్సులిన్ మానారని 2025లో ప్రకటించారు, కానీ మాత్రలు అలాగే ఉన్నాయి. మాత్రలు లేకుండా మూసిన పరికరంలో పెట్టిన వాళ్ల మరో ప్రయత్నం అదే ఏడాది, సి-పెప్టైడ్ చాలక ఆగిపోయింది.

హైదరాబాద్, విజయవాడల నుంచి ఫోన్ చేసేవాళ్లు స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌కు లక్షలు అడుగుతున్నారని చెబుతుంటారు. ట్రయల్‌లో చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం టైప్ 1కి మూలకణాల వైద్యం అనుమతి ఉన్న ట్రయల్‌లో తప్ప చేయకూడదు. మన దేశంలో ట్రయల్స్‌ను నమోదుచేసే సీటీఆర్‌ఐ నంబరు అడిగి, ఆ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. నంబరు ఉంటే సంతకం పెట్టేముందు మూడు అడగండి: పరికరం తీసేశాక మాత్రలు ఎన్నాళ్లకు ఆపుతారు, హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది, దాత కణాల మీద నా ఒంట్లో ప్రతిరక్షకాలు పుడితే రేపు కిడ్నీ కావాల్సివచ్చినప్పుడు సరిపోయేది దొరకడం ఎంత కష్టమవుతుంది. మూడోదానికి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.