పానగల్లు కట్ట నుంచి మర్రిగూడ బోరు దాకా

నల్లగొండను ఆనుకునే పానగల్లు ఉంది. ఒకప్పుడు కందూరు చోళుల రాజధాని. ఎక్కువమంది ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక పగలంతా కదలకుండా నిలిచే నీడను చూడ్డానికి వస్తారు. మేమూ చూశాం. కానీ నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఉదయసముద్రం చెరువు కట్టే. నవంబర్ కదా, చెరువు నిండుగా ఉంది. ఇప్పుడు ఇందులోకి సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు కూడా వస్తున్నాయి. అసలు దీన్ని కట్టింది మాత్రం వాన నీటి కోసం.

మా బావ జియాలజీ చదివి బోరు పాయింట్లు చూసే పని చేస్తాడు. ఈ ప్రయాణానికి నన్ను లాక్కొచ్చింది ఆయనే. "ఇక్కడ ఏడాదికి పడేది 750 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ వానాకాలం నాలుగు నెలల్లోనే. కిందంతా గ్రానైటు. నీళ్లు ఆ రాతి పగుళ్లలో తప్ప ఇంకెక్కడా నిలవవు. మనవాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టే వానను పైనే ఆపారు" అన్నాడు. చెరువు నిండితే కింద ఆయకట్టు బావుల్లో ఊట పెరిగేది. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోయేవి. ఏటా కొత్త వాన పాత నీటిలో కలిసేది. నేల కిందికి ఇంకిన నీళ్లు కూడా పైపొరల్లోనే తిరిగేవి, రాతితో అంత లోతుగా, అంత కాలంగా చుట్టరికం చేసేవి కావు.

భూమి మీద నీళ్లలో 97 శాతం సముద్రాల్లోనే ఉంది. మిగిలిన కాస్త మంచినీటిలో మూడింట రెండు వంతులు మంచుగడ్డలే. తక్కినదంతా దాదాపుగా నేల కింద ఉంది. నదులు, చెరువులు అన్నీ కలిపినా మంచినీటిలో నూరోవంతు ఉండదు. ఆ కొంచెమే ఎండకు ఆవిరై, మబ్బై, వానై మళ్లీ మళ్లీ మన దగ్గరికి వస్తుంటే ఇన్ని ప్రాణాలు బతుకుతున్నాయి. చిన్నప్పుడు ఇదంతా పాఠంలో బట్టీ పట్టాం. నల్లగొండ జిల్లాలో తిరిగితే దాని బరువు తెలుస్తుంది.

పానగల్లు నుంచి హాలియా మీదుగా నాగార్జునసాగర్ వెళ్లాం. దారి గురించి చెప్పాల్సిందేమీ లేదు, వరి కోతలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ డ్యామ్ ముందు నిలబడితే ఎవరికైనా గుండె నిండుతుంది. అరేబియా సముద్రం నుంచి లేచిన మబ్బు మహాబలేశ్వరం కొండల్లో కురిసి, నదిగా మారి ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగింది. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టే జలాశయం, పూడిక చేరీ చేరీ ఇప్పుడు 312 టీఎంసీలకు దిగింది.

ఇక్కడే నాకు ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న బావను అడిగాను. ఇంత నీరు జిల్లాలోనే ఉండగా మర్రిగూడ, మునుగోడు వైపు జనం దశాబ్దాల పాటు ఎముకలను, పళ్లను పాడుచేసే ఫ్లోరైడ్ నీళ్లు ఎందుకు తాగాల్సి వచ్చింది?

"నది లోయలో ఉంది, వాళ్లు గట్టు మీద ఉన్నారు. ఎడమ కాలువ పల్లానికి పారుతుంది. అందుకే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. దేవరకొండ, మునుగోడు వైపు నేలలు కాలువ కంటే ఎత్తులో ఉన్నాయి" అన్నాడు. అటు నీళ్లు పోవాలంటే మోటార్లు పెట్టి ఎత్తాల్సిందే. ఆ ఎత్తడం చాలా ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఒక తరం ఎముకల్లోకి వెళ్లింది. ఈ మాట నాకిప్పటికీ కోపంగానే వస్తుంది.

మధ్యాహ్నం పెద్దవూర, మల్లేపల్లి దాటి మర్రిగూడ వైపు తిరిగాం. బత్తాయి తోటలు మొదలయ్యాయి. తోట తోటకూ బోర్లే. ఒక ఊళ్లో బావకు తెలిసిన ఇంట్లో ఆగాం. బావ తన సంచిలోంచి టెస్ట్ కిట్ తీసి, పెరట్లో బోరు నీళ్లు చిన్న సీసాలో పట్టి మందు చుక్కలు వేశాడు. ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ రంగు అలాగే ఉంటుంది, ఉన్నకొద్దీ పసుపుకు తిరుగుతుంది. మా కళ్ల ముందే ఆ సీసా పసుపైపోయింది. మిషన్ భగీరథ అనే ప్రభుత్వ పథకం కింద నల్లాలో వచ్చే శుద్ధిచేసిన కృష్ణా నీళ్లు పట్టిన రెండో సీసా గులాబీగానే ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ పళ్లకు మేలే చేస్తుంది. 1.5 దాటితే కీడు మొదలవుతుంది. ప్రాణం నిలవడానికి ప్రకృతి ఇచ్చిన జాగా అంత ఇరుకు.

గ్రానైటులోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు ఎంత లోతున, ఎంత ఎక్కువ కాలం ఆ రాతిని అంటుకుని ఉంటే అంత కరిగించుకుంటుంది. నీటిలో సోడా గుణం ఎక్కువై కాల్షియం తక్కువైతే ఇంకా తేలిగ్గా కరుగుతుంది. చెరువులు పూడి, బోర్లు లోతుకు పోయినకొద్దీ మనం తోడుకున్నది ఆ పాత నీటినే.

ఆ ఇంట్లో ముగ్గురి నోళ్లు చూస్తే చాలు, ఆ ఊరి నీళ్ల చరిత్ర మొత్తం తెలుస్తుంది. అవ్వ పెళ్లయి మిర్యాలగూడ వైపు నుంచి వచ్చింది. మిగిలిన పళ్లు మామూలుగానే ఉన్నాయి, ఎందుకంటే అవి ఏర్పడ్డ చిన్నతనంలో ఆమె తాగింది వేరే ఊరి నీళ్లు. కానీ మోకాళ్లు వంగిపోయాయి. మెడ తిరగదు, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగిన కొడుకు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. ఏడేళ్ల మనవడికి పాలపళ్లు ఊడి కొత్తగా వచ్చిన ముందరి పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ పిల్లవాడు పుట్టినప్పటి నుంచి తాగింది కృష్ణా నీళ్లే. వాడి నవ్వు చూసి నాకు కళ్లు చెమర్చాయి.

"తెలిసి తాగినమా బిడ్డా? దూపయితె తాగకుంట ఎట్లుంటం" అంది అవ్వ. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేశారు. దానికి ఈ జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్ ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియాల దాకా వెళ్లింది. అవ్వ ఇంటికి మాత్రం రాలేదు.

కోడలు పొయ్యి మీద పప్పు పెడుతూ కనిపించింది. ఏ నీళ్లని బావ అడిగితే, "బోరు నీళ్లే అన్నా. నల్లా నీళ్లు తాగుతందుకు. బోరు నీళ్లల్ల పప్పు జల్ది ఉడుకుతది" అంది. నిజమే, సోడా గుణం ఉన్న నీళ్లలో పప్పు మెత్తగా ఉడుకుతుంది. ఏ గుణం రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించిందో అదే పప్పునూ ఉడికిస్తోంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. బావ అదంతా ఓపిగ్గా చెప్పాడు. "చెల్లె, వంటకు కూడా నల్లా నీళ్లే వాడు. బోరు నీళ్లు గిన్నెలకు, బట్టలకు పెట్టుకో." ఆమె మాట్లాడకుండా గిన్నె దించి, ఆ నీళ్లు వంపేసి, బిందెలోంచి నల్లా నీళ్లు పోసింది.

తర్వాత అడిగింది: "మరి బర్రెలకో?"

వాటికీ ఫ్లోరైడ్‌తో కాళ్లు పట్టేస్తాయి. బోరు తొట్టి మానిపించి ఊరి కుంటకు తోలమన్నాడు బావ. "శివరాత్రి దాటితే కుంటల నీళ్లుండయ్ అన్నా, మొత్తం పూడిపోయింది" అందామె. పూడిక మట్టి తోలుకుపోవడానికి ఊళ్లో ఎన్ని ట్రాక్టర్లు దొరుకుతాయో, పంచాయతీలో ఎవరిని కలవాలో కొడుకూ బావా వాకిట్లో మంచం మీద కూర్చుని లెక్కలు వేయడం మొదలుపెట్టారు.